ఒకే సంచిని రెండుసార్లు అమ్మిన కంప్యూటర్

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దగ్గర పెట్టుకుని చదివితే ముచ్చట ఒకటే అని తేలింది: ఒకే లెక్కలో ఒకేసారి ఇద్దరు చెయ్యి పెడితే ఏమవుతుంది? జడ్చర్ల నుంచి ఒకరు పల్లి విత్తనాల గురించి రాశారు, నల్లగొండ నుంచి ఒక అమ్మాయి పరీక్షలో పోయిన మార్కుల గురించి రాసింది, దేవరకొండ నుంచి ఒకాయన పెళ్లిలో జరిగిన లొల్లి గురించి రాశాడు. కొందరు ఏ డేటాబేస్ (లెక్కలన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) వాడుతున్నారో రాయలేదు. ఇకముందు తప్పకుండా రాయండి. ఈ విషయంలో జవాబు సగం దాని మీదే ఆధారపడుతుంది, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

అన్నా, జడ్చర్లలో మాది విత్తనాలు, ఎరువుల దుకాణం. ఇద్దరు పిల్లలు రెండు కంప్యూటర్ల మీద బిల్లులు కొడతారు. సాఫ్ట్‌వేర్ నేనే రాసుకున్న, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. మామూలు రోజుల్లో లెక్క సరిగ్గానే ఉంటుంది. పల్లి విత్తనాల సీజన్ వచ్చిందంటే మాత్రం రాత్రి లెక్క కలవదు. కంప్యూటర్ 6 సంచులు ఉన్నాయంటది, గోదాంలో చూస్తే 3 ఉంటాయి. బిల్లు మొత్తం బిగిన్‌కూ కమిట్‌కూ మధ్యే పెట్టిన. మా నాయిన ఆ పిల్లల మీద అనుమానపడుతున్నడు. తప్పు ఎక్కడుంది?
– విత్తనాల వ్యాపారి, జడ్చర్ల

ముందుగా మీ నాయినకు చెప్పండి, ఆ పిల్లలు సంచులు ఎత్తుకుపోలేదు. తప్పు కోడ్‌లో ఉంది, అదీ చాలామంది చేసే తప్పే, నేనూ చేశాను.

మీరు కోడ్ పంపలేదు గానీ 6, 3 అనే అంకెలు చూస్తేనే జరిగింది ఊహించొచ్చు. గోదాంలో 10 సంచులు ఉన్నాయనుకుందాం. మొదటి కౌంటర్ దగ్గర నవాబ్‌పేట రైతు 3 సంచులు అడిగాడు. అదే నిమిషంలో రెండో కౌంటర్ దగ్గర మిడ్జిల్ రైతు 4 అడిగాడు. మొదటి కంప్యూటర్ సెలెక్ట్ కొట్టి స్టాక్ చదివింది, 10 వచ్చింది. రెండోది కూడా చదివింది, దానికీ 10 వచ్చింది, ఎందుకంటే అప్పటికి ఎవరూ ఏమీ రాయలేదు. మొదటిది తన లెక్క తాను వేసుకుని 10లోంచి 3 పోతే 7 అని రాసి కమిట్ కొట్టింది, అంటే ఆ రాతను ఖాయం చేసింది. రెండోది తన దగ్గరున్న పాత 10లోంచి 4 తీసేసి 6 అని రాసి కమిట్ కొట్టింది. ఆ 7 చెరిగిపోయింది. గోదాం నుంచి 7 సంచులు బయటికి పోయాయి, 3 మిగిలాయి, కంప్యూటర్ మాత్రం 6 అంటోంది. దీన్ని లాస్ట్ అప్‌డేట్ అంటారు, అంటే మొదటివాడు రాసింది గల్లంతైపోవడం. ఎవరికీ ఎర్రర్ రాదు, అసలు కిరికిరి అదే.

మరి బిగిన్, కమిట్ ఏం చేసినట్టు? అవి ఇచ్చే హామీ వేరు. బిల్లులో పది పనులుంటే పదీ జరుగుతాయి, లేదంటే ఒక్కటీ జరగదు, మధ్యలో కరెంటు పోయినా సగం బిల్లు మిగలదు, అంతవరకే. ఆ రెండింటి మధ్య ఒక కట్టగా నడిచే పనులనే ట్రాన్సాక్షన్ అంటారు. పక్క కౌంటర్‌వాడు మధ్యలో దూరకుండా ఎంత గట్టిగా గోడ కట్టాలనేది ఐసొలేషన్ లెవెల్ అనే ఇంకో సంగతి. పోస్ట్‌గ్రెస్‌లో మీరు ఏమీ చెప్పకపోతే అది రీడ్ కమిటెడ్. దాని అర్థం, పక్కవాడు కమిట్ కొట్టని సరుకు మీకు కనిపించదు. మీరు చదివిన అంకె మీరు రాసేదాకా అట్లాగే ఉంటుందని అది ఎక్కడా మాట ఇవ్వలేదు. మామూలు సెలెక్ట్, టేబుల్‌లో ఆ సరుకు లెక్క ఉన్న వరుసకు ఏ తాళమూ (లాక్) వేయదు. చూడటానికీ రాయడానికీ మధ్య ఆ చిన్న సందులోనే మీ 3 సంచులు పోయాయి. మామూలు రోజుల్లో ఆ సందులోకి ఇంకొకరు వచ్చే అవకాశం తక్కువ, సీజన్‌లో జనం ఎగబడతారు కాబట్టి రోజూ జరుగుతుంది.

మందు చాలా చిన్నది. లెక్క ప్రోగ్రాంలో వేయకండి, డేటాబేస్‌తోనే వేయించండి. అప్‌డేట్‌లో 'సంచులు = 6' అని రాసే బదులు 'సంచులు = సంచులు - 4' అని రాయండి, షరతు రాసే 'వేర్' దగ్గర 'సంచులు >= 4' అని కూడా చేర్చండి. అప్పుడు రెండో కౌంటర్ అప్‌డేట్, మొదటిది కమిట్ అయ్యేదాకా ఆగి, కొత్త అంకె 7 మీద షరతు మళ్లీ చూసుకుని 3 అని రాస్తుంది. సరిపడా సంచులు లేకపోతే ఒక్క వరుస కూడా మారదు. ఎన్ని వరుసలు మారాయో డేటాబేస్ మీకు తిరిగి చెబుతుంది, అది సున్నా అయితే 'స్టాక్ లేదు' అని తెర మీద చూపించాలి. చాలామంది ఇక్కడిదాకా సరిగ్గా రాసి ఆ సున్నాను చూడటం మరిచిపోతారు, బిల్లు మాత్రం ప్రింటవుతుంది!

ధర, తగ్గింపు, ఉద్దెర లిమిట్ లాంటివన్నీ చూసి నిర్ణయించాల్సి ఉంటే ఒక్క అప్‌డేట్‌లో ఇమడదు. అప్పుడు సెలెక్ట్ చివర 'ఫర్ అప్‌డేట్' చేర్చండి. ఆ వరుసను మీరు పట్టుకున్నట్టు, రెండోవాడూ ఫర్ అప్‌డేట్‌తోనే వస్తే మీరు వదిలేదాకా ఆగుతాడు. కానీ మనిషి ఆలోచిస్తున్నంతసేపు లాక్ పట్టుకోకండి. రైతు ధర అడిగి, ఇంటికి ఫోన్ చేసి, చాయ్ తాగి వచ్చేదాకా పక్క కౌంటర్ ఆగిపోతుంది. అలాంటి చోట వరుసలో వెర్షన్ నంబర్ అని ఒక కాలమ్ పెట్టుకోవడం మేలు. చదివినప్పుడు వెర్షన్ 41 అయితే, రాసేటప్పుడు 'వెర్షన్ ఇంకా 41 అయితేనే రాయి, రాసి 42 చెయ్యి' అనాలి. ఈలోపు ఎవరైనా మార్చి ఉంటే మీ రాత చెల్లదు, మళ్లీ చదువుకోవాలి. దీనికి పెద్ద పేరు ఆప్టిమిస్టిక్ కంకరెన్సీ కంట్రోల్, 1981లో కుంగ్, రాబిన్సన్ అనే ఇద్దరు దీని మీద పేపర్ రాశారు. ఏది వాడినా, స్టాక్ సున్నా కంటే కిందికి పోకూడదని టేబుల్ మీద ఒక చెక్ (షరతు) కూడా పెట్టండి. అది ఈ తప్పును ఆపదు గానీ మైనస్ లెక్కలు బయటపడతాయి.

మీ నాయిన కాలంలో ఈ బాధ ఎందుకు లేదో తెలుసా? ఖాతా పుస్తకం ఒకటే, గుమాస్తా ఒకడే. ఇద్దరికి ఒకేసారి రాసే మాటే లేదు.

సార్, నేను నల్లగొండలో ఎంసీఏ చదువుతున్న. రిపీటబుల్ రీడ్‌లో ఫాంటమ్ వస్తుందా అని పరీక్షలో అడిగారు. నా ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్‌లో చేసి చూసిన, రాలేదు. అందుకే రాదు అని రాసిన, మార్కులు పోయాయి. పుస్తకంలో వస్తుంది అనే ఉంది. ఎవరిది కరెక్ట్? ఇంకోటి, రైట్ స్క్యూ అంటే కొంచెం మన భాషలో చెప్పండి.
– ఒక విద్యార్థిని, నల్లగొండ

చెల్లె, పరీక్ష ప్రకారం పుస్తకం కరెక్ట్, ల్యాప్‌టాప్ ప్రకారం నువ్వు కరెక్ట్. చేసి చూసినందుకు నీకు నేనైతే ఇంకో రెండు మార్కులు వేసేవాణ్ని, కానీ పేపర్ దిద్దేది నేను కాదు.

సంగతేమిటంటే, డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌కు 1992లో వచ్చిన ప్రమాణం నాలుగు లెవెళ్లు పెట్టింది: రీడ్ అన్‌కమిటెడ్, రీడ్ కమిటెడ్, రిపీటబుల్ రీడ్, సీరియలైజబుల్. ఒక్కో లెవెల్‌లో ఏ తప్పు జరగకూడదో చెప్పింది. మూడు తప్పులే లెక్కలోకి తీసుకుంది. కమిట్ కానిదాన్ని చదవడం ఒకటి, ఒకే వరుస రెండోసారి చదివితే అంకె మారిపోవడం రెండోది, ఒకే షరతుతో రెండోసారి వెతికితే ముందు లేని వరుసలు దయ్యాల్లా ప్రత్యక్షం కావడం మూడోది, అదే ఫాంటమ్. రిపీటబుల్ రీడ్‌లో ఫాంటమ్ రావొచ్చు అంటే, వచ్చినా ప్రమాణం తప్పినట్టు కాదని మాత్రమే అర్థం. రావాల్సిందే అని కాదు. అంతకంటే గట్టిగా కట్టుకుంటే ఎవరు కాదంటారు? పోస్ట్‌గ్రెస్ గట్టిగానే కట్టింది. ట్రాన్సాక్షన్‌లో మొదటి ప్రశ్న అడిగిన క్షణంలో డేటాబేస్‌కు ఒక ఫోటో తీసినట్టు చేసి, చివరిదాకా ఆ ఫోటోలోంచే చూపిస్తుంది. ఫోటోలో లేని వరుస తర్వాత ఎట్లా వస్తుంది? ఇలా ఒక్కో వరుసకు పాత, కొత్త ప్రతులు రెండూ దాచిపెట్టే పద్ధతికి మల్టీ వెర్షన్ అని పేరు. 1978లో డేవిడ్ రీడ్ ఎంఐటీలో రాసిన థీసిస్‌లో ఈ ఆలోచన ఉంది. దీనివల్ల వచ్చే సుఖం ఏమిటంటే, చదివేవాడు రాసేవాణ్ని ఆపడు, రాసేవాడు చదివేవాణ్ని ఆపడు.

ఇప్పుడు అదే రిపీటబుల్ రీడ్‌ను మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో చేసి చూడు, సరదాగా ఉంటుంది. అందులో డేటాను దాచే భాగం ఇన్నోడీబీకి డిఫాల్ట్ లెవెల్, అంటే మనం ఏమీ చెప్పకపోతే వచ్చేది, కూడా అదే. రైతుల టేబుల్ ఒకటి పెట్టి, నిడమనూరు మండలం పేరుతో 5 వరుసలు రాయి. రెండు కిటికీలు తెరువు. మొదటిదాంట్లో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి నిడమనూరు రైతులు ఎందరని అడుగు, 5 అంటుంది. రెండోదాంట్లో ఇంకో నిడమనూరు రైతును చేర్చి కమిట్ కొట్టు. మొదటిదాంట్లో మళ్లీ అడుగు, ఇంకా 5 అనే అంటుంది. బాగుంది. ఇప్పుడు మొదటిదాంట్లోనే నిడమనూరు రైతులందరికీ పంట బత్తాయి అని అప్‌డేట్ కొట్టు. 6 వరుసలు మారాయంటుంది! ఇంకోసారి లెక్కపెట్టు, 6. ఆరో మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు? అక్కడ మామూలు సెలెక్ట్ ఫోటో చూస్తుంది, అప్‌డేట్ మాత్రం కమిటైన తాజా సరుకు మీద పనిచేస్తుంది. పోస్ట్‌గ్రెస్ రిపీటబుల్ రీడ్‌లో ఆ అప్‌డేట్ కూడా ఫోటోలో ఉన్న ఐదుగురినే మారుస్తుంది. ఆ ఐదుగురిలో ఎవరి వరుసనైనా ఈలోపు ఇంకొకరు మార్చి కమిట్ కొట్టి ఉంటే మాత్రం ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. పేరు ఒకటే, నడవడిక వేరు. ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్ అయితే సీరియలైజబుల్ అని పిలిచేది నిజానికి ఈ ఫోటో పద్ధతే. పోస్ట్‌గ్రెస్‌లో రీడ్ అన్‌కమిటెడ్ అడిగినా రీడ్ కమిటెడే ఇస్తుంది. అందుకే నేను ముందుగా ఏ డేటాబేస్ అని అడిగేది.

ఈ పేర్ల గందరగోళాన్ని 1995లోనే ఒక పేపర్ కడిగిపారేసింది. రాసిన ఆరుగురిలో జిమ్ గ్రే ఒకరు. ట్రాన్సాక్షన్ల మీద చేసిన పనికి ఆయనకు 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2007 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవ వేసుకుని సముద్రంలోకి వెళ్లాడు, మళ్లీ దొరకలేదు. ప్రమాణంలోని నిర్వచనాలు సరిగా లేవనీ, ఆ మూడు తప్పులు లేనంత మాత్రాన అంతా సరిగా ఉన్నట్టు కాదనీ ఆ పేపర్ చూపించింది. నువ్వడిగిన రైట్ స్క్యూ (ఇక్కడ రైట్ అంటే రాయడం) అందులోదే.

దానికి మన దగ్గర ఉదాహరణ ఎందుకు దొరకదు? ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు పెద్ద మోటార్లు ఉన్నాయి, రెండూ ఒకేసారి నడిస్తే అది తట్టుకోదు. కాబట్టి రూలేమిటంటే, ఒకటి ఆఫ్‌లో ఉంటేనే ఇంకోటి ఆన్ చేయాలి. యాదన్న ఫోన్‌లో చూశాడు, మల్లన్న మోటారు ఆఫ్ అని ఉంది, తనది ఆన్ అని రాశాడు. అదే క్షణంలో మల్లన్న చూశాడు, యాదన్నది ఆఫ్, తనది ఆన్ అని రాశాడు. ఇద్దరి ఫోటోల్లోనూ పక్కవాడిది ఆఫే. ఇద్దరూ వేరువేరు వరుసలు రాశారు కాబట్టి ఒకరిది ఇంకొకరు చెరపలేదు, డేటాబేస్‌కు గొడవే కనిపించలేదు, రెండూ కమిట్ అయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. విడివిడిగా చూస్తే ఇద్దరూ రూలు పాటించినవాళ్లే. ఒకరి తర్వాత ఒకరు చేసి ఉంటే రెండోవాడు ఆగేవాడు. ఫోటో పద్ధతి ఒక్కటే నమ్ముకుంటే ఇది దొరకదు, అసలైన సీరియలైజబుల్ కావాలి.

దేవరకొండలో మాకు ఫంక్షన్ హాల్ ఉంది సార్. మొన్న మంచి ముహూర్తం రోజు రెండు పెళ్లివాళ్లు ఒకే హాల్‌కు వచ్చారు, ఇద్దరి దగ్గరా మా రసీదు ఉంది! నేను కౌంటర్‌లో ఒక బుకింగ్ చేసిన, మా బామ్మర్ది ఫోన్‌లో ఇంకోటి చేసిండు. సాఫ్ట్‌వేర్ చేసిన పిల్లగాడు ఫర్ అప్‌డేట్ పెట్టిన అంటున్నడు. మరి ఎట్ల అయింది?
– ఫంక్షన్ హాల్ యజమాని, దేవరకొండ

ఆ రోజు రెండు వైపుల పెద్దమనుషులను మీరెట్లా సముదాయించారో కూడా రాస్తే బాగుండేది.

ఆ పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. కానీ ఫర్ అప్‌డేట్ ఉన్న వరుసకు తాళం వేస్తుంది. ఆ తేదీకి బుకింగ్ ఉందా అని అడిగితే ఏ వరుసా రాలేదు. లేని వరుసకు తాళం ఎక్కడ వేస్తుంది? మీకూ ఖాళీ, మీ బామ్మర్దికీ ఖాళీ, ఇద్దరూ కొత్త వరుస రాశారు. ఈ చిక్కు ఈనాటిది కాదు. 1976లో ఐబీఎం పరిశోధకులు నలుగురు, ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్, ఒక పేపర్ రాశారు. లాక్‌లు ఎలా వాడాలో చెప్పే మూలసూత్రం అందులోదే: ఒకసారి ఏ లాక్ అయినా వదిలాక ఇక కొత్త లాక్ పట్టుకోకూడదు. దాన్నే టూ ఫేజ్ లాకింగ్ అంటారు. ఇప్పుడు లేకపోయినా రేపు పుట్టబోయే వరుసల సంగతేమిటని కూడా వాళ్లు అప్పుడే అడిగారు. వరుసకు కాకుండా షరతుకే తాళం వేయాలన్నారు. చెప్పినంత సులువు కాదు, షరతులు ఒకదానితో ఒకటి తగులుతాయా లేదా అని చూడటం యంత్రానికి పెద్ద బరువు.

మీకు అంత అక్కర్లేదు. రోజుకు ఒకే పెళ్లి ఇచ్చేవాళ్లైతే హాల్, తేదీ రెండూ కలిపి యూనిక్ అని, అంటే అదే జత రెండోసారి రాకూడదని, టేబుల్ మీద పెట్టమనండి. రెండో బుకింగ్ డేటాబేసే తిప్పికొడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని తప్పులున్నా సరే. పొద్దున ఒకరికి, రాత్రి ఒకరికి, మధ్యలో బర్త్‌డేకి ఇంకొకరికి గంటల లెక్కన ఇస్తే యూనిక్ సరిపోదు. పోస్ట్‌గ్రెస్‌లో సమయాల పరిధులు ఒకదాని మీద ఒకటి పడకుండా ఆపే ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ ఉంది, అది పెట్టమనండి. మైఎస్‌క్యూఎల్‌లో అది లేదు, కాబట్టి ముందు హాళ్ల టేబుల్‌లో మీ హాల్ వరుసనే ఫర్ అప్‌డేట్‌తో పట్టుకుని, తర్వాత బుకింగ్‌లు చూసి, రాయాలి. ఉన్న వరుస కదా, తాళం పడుతుంది, మీ బామ్మర్ది ఆగుతాడు.

మీది మైఎస్‌క్యూఎల్, డిఫాల్ట్ లెవెల్ అయి ఉంటే, ఆ పిల్లవాడు నిజంగా బిగిన్ పెట్టి ఉంటే, కథ ఇంకోలా జరిగేది. అది ఖాళీ జాగాకు కూడా గ్యాప్ లాక్ అని వేస్తుంది. విచిత్రం ఏమిటంటే ఆ లాక్ ఇద్దరికీ దొరుకుతుంది, ఇద్దరూ రాయబోతే ఒకరికొకరు అడ్డం పడి డెడ్‌లాక్ అయి ఒకరిది రద్దవుతుంది. చూడటానికి గలీజుగా ఉన్నా రెండు పెళ్లిళ్లు ఒక హాల్‌లోకి రావు. వచ్చాయంటే ట్రాన్సాక్షన్ లేకుండానే ఫర్ అప్‌డేట్ పెట్టి ఉంటాడు, అట్లా పెడితే ఆ సెలెక్ట్ అయిపోగానే లాక్ వదిలేస్తుంది. అడిగి చూడండి.

మాకు రెండు గోదాంలు. ఒకదాని నుంచి ఇంకోదానికి బియ్యం బస్తాలు బదిలీ రాస్తుంటే అప్పుడప్పుడు డెడ్‌లాక్ అని ఎర్రర్ వస్తుంది. డేటాబేస్ ఖరాబైందా?
– మిర్యాలగూడ

ఏం ఖరాబు కాలేదు. వరి కోతలప్పుడు మీ మిల్లుల దారుల్లో ఇరుకు గల్లీలో ఎదురెదురుగా రెండు ట్రాక్టర్లు వచ్చి ఎవరూ వెనక్కి పోకపోవడం చూసే ఉంటారు, ఇదీ అంతే. ఒక బదిలీ మొదటి గోదాం వరుస పట్టుకుని రెండోదాని కోసం ఆగింది, ఎదురు బదిలీ రెండోది పట్టుకుని మొదటిదాని కోసం ఆగింది. డేటాబేస్ ఒకదాన్ని వెనక్కి పంపిస్తుంది. ఇన్నోడీబీ వెంటనే పసిగట్టి, తక్కువ పని చేసినదాన్ని రద్దు చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 1 సెకను ఆగి చూస్తుంది. మీరు చేయాల్సిందల్లా, ఎటు నుంచి ఎటు బదిలీ అయినా సరే, చిన్న నంబరు గోదాంను ముందు పట్టుకోవాలి. బిల్లులకూ ఇదే: ఒక బిల్లులో సోనా మసూరి ముందు, నూకలు తర్వాత, ఇంకో బిల్లులో తిరగేసి ఉంటే తగులుకుంటాయి, కాబట్టి సరుకు నంబర్ల క్రమంలో పేర్చి అప్‌డేట్ చేయించండి. అయినా ఎప్పుడో ఒకటి వస్తుంది. వస్తే ట్రాన్సాక్షన్ మొదటి నుంచి మళ్లీ నడపాలి. గుమాస్తాకు ఆ ఎర్రర్ చూపించి టెన్షన్ పెట్టడం దేనికి?

ఇన్ని తంటాలెందుకు, సీరియలైజబుల్ పెట్టేస్తే అయిపోదా? స్లో అవుతుందని ఆఫీసులో అందరూ భయపెడతారు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నాగర్‌కర్నూల్

నా అభిప్రాయం అడిగితే, చిన్న దుకాణాలకు, ఫంక్షన్ హాళ్లకు, సంఘాల లెక్కలకు పెట్టేయడమే మంచిది. నాలుగు కౌంటర్ల మీద వచ్చే బరువుకు స్లో అనే మాట వినపడదు. భయపెట్టేవాళ్లలో చాలామంది కొలిచి చెప్పరు, విని చెబుతారు.

కానీ రెండు సంగతులు. పోస్ట్‌గ్రెస్‌లో 9.1 నుంచి, అంటే 2011 నుంచి, సీరియలైజబుల్ అసలైనది. అంతకుముందు అదీ ఫోటో పద్ధతే. అది ఎవరినీ అదనంగా ఆపదు, ఎవరు ఏం చదివారో, ఎవరు ఏం రాశారో గమనిస్తూ ఉండి, ప్రమాదం కనిపిస్తే ఒకరిని 40001 నంబరు ఎర్రర్‌తో రద్దు చేస్తుంది. ఒక్కోసారి అనుమానంతోనే అమాయకుణ్నీ రద్దు చేస్తుంది. కాబట్టి మళ్లీ నడిపే కోడ్ లేకుండా ఆ లెవెల్ పెట్టడం అంటే బ్రేకు లేని బండి నడపడమే. మళ్లీ నడపడం అంటే ఆగిన చోట నుంచి కాదు, చదవడం నుంచి మొదలుపెట్టాలి, లేదంటే పాత అంకెలతోనే మళ్లీ రాస్తారు. మధ్యలో ఎస్ఎంఎస్ పంపడం, రసీదు ప్రింట్ చేయడం పెట్టకండి, మూడుసార్లు నడిస్తే మూడు రసీదులు వస్తాయి. అవన్నీ కమిట్ అయ్యాకే. ఇంకోటి, ఒక ప్రోగ్రాం సీరియలైజబుల్‌లో, ఇంకోటి రీడ్ కమిటెడ్‌లో నడిస్తే ఆ హామీ ఉండదు, అందరూ అదే లెవెల్‌లో ఉండాలి.

మైఎస్‌క్యూఎల్‌లో దారి వేరు. అక్కడ మీ ట్రాన్సాక్షన్‌లోని మామూలు సెలెక్ట్‌లు కూడా లాక్ వేయడం మొదలుపెడతాయి. డెడ్‌లాక్‌లు పెరుగుతాయి, అక్కడ కొలిచి చూసుకుని పెట్టండి.

మా దగ్గర ఒక్కోసారి అన్ని కౌంటర్లూ ఆగిపోతాయి, కాసేపటికి లాక్ వెయిట్ టైమౌట్ అని వస్తుంది. సర్వర్ చూస్తే ఖాళీగా ఉంటుంది.
– వనపర్తి

ఖాళీగా ఉన్న సర్వర్‌లో ఎవరో బిగిన్ కొట్టి నిద్రపోతున్నారు. నాకెట్లా తెలుసంటే ఆ ఎవరో ఒకప్పుడు నేనే. మహబూబ్‌నగర్‌లో ఒక దుకాణం వాళ్లది ఏదో బాకీ సరిచేస్తూ, జాగ్రత్త కోసమని బిగిన్ కొట్టి, ఖాతాల మీద అప్‌డేట్ కొట్టి, సరిగ్గా వచ్చిందో లేదో చూసి కమిట్ చేద్దామనుకుంటుండగా ఇంటి నుంచి ఫోన్. మాట్లాడుతూ మాట్లాడుతూ భోజనానికి పోయాను. తిరిగొచ్చేసరికి దుకాణం ముందు రైతుల లైన్, ఓనర్ మొహం ఎర్రగా ఉంది. కీబోర్డ్ దగ్గరికి వెళ్లి కమిట్ కొట్టాను, అంతా నడిచింది. ఏం రిపేర్ చేశావని ఆయన అడిగితే ఏదో గొణిగాను, ఇప్పటికీ ఆయనకు నిజం చెప్పలేదు.

ఇన్నోడీబీ మామూలుగా 50 సెకన్లు ఆగి ఆ ఎర్రర్ ఇస్తుంది. ఇందులో ఒక మెలిక చాలామందికి తెలియదు: డిఫాల్ట్‌గా ఆగిన ఒక్క వాక్యమే రద్దవుతుంది, ట్రాన్సాక్షన్ మొత్తం కాదు. ప్రోగ్రాం ఆ ఎర్రర్‌ను పట్టించుకోకుండా ముందుకెళ్లి కమిట్ కొడితే బిల్లు రాసి ఉంటుంది, స్టాక్ తగ్గి ఉండదు. ఎర్రర్ రాగానే మీరే రోల్‌బ్యాక్ కొట్టి ట్రాన్సాక్షన్ మొత్తం రద్దు చేయాలి. పోస్ట్‌గ్రెస్ అయితే ఏమీ చెప్పకపోతే అసలు ఆగుతూనే ఉంటుంది. అందులో బిగిన్ కొట్టి ఖాళీగా కూర్చున్న కనెక్షన్‌ను ఇంతసేపటికి తెంచెయ్యి అనే సెట్టింగ్ 9.6 నుంచి ఉంది, ఒక నిమిషం పెట్టుకోండి. నిద్రపోయే ట్రాన్సాక్షన్ వల్ల అక్కడ ఇంకో నష్టం కూడా ఉంది. దాని ఫోటోకు అవసరం పడొచ్చని పాత ప్రతులను ఊడ్చివేయలేక టేబుల్ ఉబ్బిపోతుంది.

పాల సేకరణ కేంద్రానికి చిన్న ప్రోగ్రాం రాసిన, ఎస్‌క్యూలైట్. ఇద్దరు రాస్తే 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అంటది.
– గద్వాల

ఎస్‌క్యూలైట్‌లో ఒకసారి రాసేది ఒక్కరే, అది దాని స్వభావం. వాల్ మోడ్ (మార్పులను ముందు పక్కనున్న ఇంకో ఫైల్‌లో రాసుకునే పద్ధతి) పెడితే రాసేవాడున్నా చదివేవాళ్లు ఆగరు. బిజీ టైమౌట్ ఒక 5 సెకన్లు పెట్టండి, ఎర్రర్ ఇవ్వకుండా తన వంతు కోసం ఆగుతుంది. రాయబోతున్నామని ముందే తెలిస్తే బిగిన్ బదులు 'బిగిన్ ఇమ్మీడియెట్' కొట్టండి, లేదంటే ముందు చదివి తర్వాత రాయబోయే ట్రాన్సాక్షన్‌కు టైమౌట్ ఉన్నా వెంటనే అదే ఎర్రర్ రావొచ్చు. ఆ డేటాబేస్ ఫైల్‌ను నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి రెండు కంప్యూటర్ల నుంచి వాడుతుంటే మాత్రం ఈ రోజే ఆపేయండి, వాల్ అక్కడ పనిచేయదు, ఫైల్ పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. అలా అయితే పోస్ట్‌గ్రెస్‌కు మారండి, మారాక పాల లీటర్ల లెక్క ప్రోగ్రాంలో వేయకుండా అప్‌డేట్‌లోనే వేయండి, జడ్చర్ల ఆయనకు చెప్పినట్టు.